పాఠం - 11: గోడలో బిగిసే చీల – యాంకర్ బోల్టుల చరిత్ర

11.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత, రాతికీ ఇటుకకూ కాంక్రీటుకూ బరువైన వస్తువులను బిగించే పద్ధతులు ఏ క్రమంలో మారాయో మీరు వివరించగలుగుతారు. ఆకారంవల్ల వచ్చే పట్టు, ఒరిపిడివల్ల వచ్చే పట్టు, జిగురువల్ల వచ్చే పట్టు – ఈ మూడింటి మధ్య తేడాను చెప్పగలుగుతారు. చిన్న వస్తువు చరిత్రను రాయడానికి ఎలాంటి ఆధారాలు పనికివస్తాయో గుర్తించగలుగుతారు.

11.1 ఉపోద్ఘాతం

ఆవిరియంత్రం, రైలుమార్గం, విద్యుద్దీపం వంటి పెద్ద ఆవిష్కరణల గురించి పుస్తకాలు విస్తారంగానే ఉన్నాయి. ఆ దీపాన్ని గోడకు ఎలా తగిలించారు అనే ప్రశ్నను మాత్రం చరిత్రకారులు చాలా అరుదుగా వేశారు. మీరు ఈ పాఠం చదువుతున్న గదిలో ఒకసారి చుట్టూ చూడండి. స్విచ్ బోర్డు, గోడ గడియారం, సామాన్ల అర, స్నానాల గదిలో గీజరు, బయట గోడకు ఏసీ యంత్రం – ఇవన్నీ గోడలో కనిపించకుండా దాగిన కొన్ని సెంటీమీటర్ల ప్లాస్టిక్‌నో ఇనుమునో నమ్ముకొని వేలాడుతున్నాయి. మన ఊళ్లలో ఎలక్ట్రీషియన్లు దీన్ని గిట్టీ అంటారు, కొందరు రాల్‌ప్లగ్ అంటారు, ఇంకొందరు ఫిషర్ అంటారు. బరువు పెద్దదైతే యాంకర్ బోల్టు, డాష్ ఫాస్టనర్ అనే మాటలు వస్తాయి. వీటిలో రెండు పేర్లు నిజానికి ఇద్దరు మనుషుల పేర్లు. వారి సంగతి ముందు ముందు వస్తుంది.

ముందుగా అసలు సమస్య ఏమిటో చూద్దాం. కర్రలో మేకు దిగుతుంది. దారువు నారలు పక్కకు జరిగి, మళ్లీ మేకును నొక్కి పట్టుకుంటాయి. రాయికీ ఇటుకకూ ఆ గుణం లేదు. మేకు కొడితే పెచ్చు ఊడుతుంది, లేదా పగులుతుంది. కాబట్టి ముందు రంధ్రం చేయాలి. కాని రంధ్రం చేసిన తరువాత అందులో పెట్టిన వస్తువు పెట్టినంత సులభంగానే బయటికి వస్తుంది. రంధ్రంలోకి సులభంగా పోవాలి, తిరిగి రాకూడదు. ఈ పాఠమంతా ఈ ఒక్క చిక్కు గురించే.

11.2 సముద్రంలో ఒక బండ

పురాతన గ్రీకులు పార్థెనాన్ ఆలయం కట్టినప్పుడు పాలరాతి దిమ్మెలను ఇనుప పట్టీలతో కలిపి, వాటి చుట్టూ సీసం కరిగించి పోశారు. సీసం రెండు పనులు చేసింది: ఖాళీని నింపింది, ఇనుమును తడి నుంచి కాపాడింది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఆ ఆలయాన్ని మరమ్మతు చేసినవారు సీసం లేకుండా మామూలు ఇనుప పట్టీలు వాడారు. అవి తుప్పు పట్టి ఉబ్బి, రెండువేల ఏళ్లకు పైగా నిలిచిన రాయిని పగలగొట్టాయి. తరువాతి తరం వాటిని తీసి టైటానియం పెట్టవలసి వచ్చింది. కొత్త కాలం పాత కాలం కంటే అన్ని విషయాల్లోనూ తెలివైనదని అనుకునే విద్యార్థులు ఈ ఉదాహరణను గుర్తుంచుకోవాలి.

ఈ చిక్కు మీద పూర్తి వివరాలతో మనకు అందిన తొలి చరిత్ర మాత్రం గ్రీసుది కాదు. అది ఇంగ్లండ్ నైరుతి తీరానికి దూరంగా, సముద్రం మధ్యలో ఉన్న ఎడిస్టన్ బండది. అలలు వచ్చినప్పుడల్లా మునిగే ఆ బండ మీద దీపస్తంభం కట్టాలంటే, స్తంభాన్ని బండకే బిగించాలి. హెన్రీ విన్‌స్టన్లీ 1696లో పని మొదలుపెట్టాడు. మొదటి వేసవి అంతా బండలో 12 రంధ్రాలు తొలిచి, 12 పెద్ద ఇనుప కడ్డీలు నిలపడానికే సరిపోయింది. 1698లో దీపం వెలిగింది. 1703 నవంబరులో వచ్చిన మహా తుఫానులో ఆ స్తంభంతోపాటు, ఆ రాత్రి అందులోనే ఉన్న విన్‌స్టన్లీ కూడా కొట్టుకుపోయాడు.

తరువాత వచ్చిన జాన్ రడ్యర్డ్ పట్టువస్త్రాల వ్యాపారి. ఇంజనీరు కాని ఈ మనిషి చేసిన పని ఇంజనీర్లకు పాఠమైంది. ఆయన రంధ్రాలను పైన ఇరుకుగా, అడుగున వెడల్పుగా తొలిపించాడు. మన వడ్రంగులు పావురం తోక ఆకారంలో చేసే కీలు వంటిదే ఇది, కాకపోతే రాతిలో. అడుగు వెడల్పుగా ఉన్న ఇనుప ముక్క ఇరుకు నోటిలోంచి ఎలా పోతుంది? ఆయన ఇనుమును ఒకే ముక్కగా కాక విడి ముక్కలుగా చేయించాడు. ముందు ఒకటి దించి పక్కకు జరిపి, మిగిలిన ఖాళీలో రెండోదాన్ని చీలలా దిగగొట్టించాడు. రెండూ కలిసిన తరువాత మొత్తం బయటికి రాలేదు. అంతకుముందే రంధ్రాన్ని కరిగిన కొవ్వుతో నింపించి, ఆపైన కరిగిన తగరపు మిశ్రలోహం పోయించాడు. బరువైన లోహం అడుగుకు దిగి కొవ్వును పైకి నెట్టింది. మిగిలిన సన్నటి సందుల్లో కొవ్వు నిలిచిపోయి ఉప్పునీటిని రానివ్వలేదు.

ఈ స్తంభం 1709లో పూర్తయింది. 1755 డిసెంబరులో కాలిపోయింది. గమనించండి, దాన్ని పడగొట్టింది సముద్రం కాదు, నిప్పు. ఆ తరువాత కొత్త స్తంభం కట్టడానికి వచ్చిన జాన్ స్మీటన్ పాత ఇనుములను పరిశీలించి, రడ్యర్డ్ పద్ధతిని ఎంతో మెచ్చుకున్నాడు. తన స్తంభంలో (1756-59) ఆయన రాళ్లను ఒకదానిలో ఒకటి ఇమిడేలా చెక్కించి, సున్నం గట్టిపడేదాకా అలలకు కదలకుండా ఓక్ కర్ర చీలలు వాడాడు. ఆ చీల అడుగున చిన్న చీలిక కోసి, అందులో ఇంకో చిన్న చీల పెట్టేవారు. పైనుంచి కొడితే అది రంధ్రం అడుగుకు తగిలి, పెద్ద చీల కాలును రెండుగా విడదీసేది. రంధ్రంలోకి పోయాక విచ్చుకొనే వస్తువు అన్నమాట. తన అనుభవాన్ని స్మీటన్ 1791లో పెద్ద పుస్తకంగా ప్రచురించాడు. చేతిపని రహస్యం సాధారణంగా పనివాడితోనే పోతుంది. ఇక్కడ అలా పోకపోవడానికి కారణం ఆ పుస్తకమే.

మీ ప్రగతిని సరిచూసుకోండి: రడ్యర్డ్ ఇనుము బయటికి రాకపోవడానికి, స్మీటన్ కర్ర చీల బయటికి రాకపోవడానికి కారణాలు ఒకటేనా? సమాధానం రాసుకొన్న తరువాతే ముందుకు సాగండి.

11.3 మ్యూజియం గోడ, జనపనార

విద్యుత్తు వచ్చిన తరువాత ఈ సమస్య దీపస్తంభాల నుంచి ఇళ్లలోకి దిగింది. తీగలు గోడలంతా పారాలి, అడుగడుగునా బిగించాలి. అప్పటిదాకా ఉన్న పద్ధతి ఒక్కటే. ఉలితో గోడలో చతురస్రాకారంలో గుంత చేసి, అందులో చెక్క గిట్టీ దిగగొట్టి, చుట్టూ పూత పూసి, ఆ చెక్కలో స్క్రూ బిగించడం. మన దేశంలో చెక్క పట్టీల మీద తీగలు వేసిన రోజుల్లో పనిచేసిన ఎలక్ట్రీషియన్లకు ఇది బాగా తెలుసు. వైరింగుకు ముందురోజు టేకు గిట్టీలు పాతడమే పెద్ద పని. వర్షాకాలంలో చెక్క ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. కొన్నేళ్లకు గిట్టీ గుంతలో ఆడుతుంది, స్విచ్ బోర్డు చేతికి వస్తుంది.

లండన్‌లో జాన్ జోసెఫ్ రాలింగ్స్ అనే కాంట్రాక్టరుకు 1910-11 ప్రాంతంలో బ్రిటిష్ మ్యూజియంలో విద్యుత్ పరికరాలు అమర్చే పని వచ్చింది. అక్కడ గోడను ఉలితో గుంతలు చేయడానికి వీల్లేదు. గోడ చెడకూడదు, పని కంటికి కనిపించకూడదు. ఆయన కనిపెట్టిన ఉపాయం చిన్న గొట్టం. జనపనారను జంతువుల రక్తంతో చేసిన బంకతో అతికించి గట్టిపరచిన గొట్టం అది. సన్నటి గుండ్రటి రంధ్రంలో దాన్ని పెట్టి స్క్రూ తిప్పితే, నార పక్కలకు ఒత్తుకొని రంధ్రపు గోడను పట్టుకుంటుంది. 1911లో పేటెంటు కోసం దరఖాస్తు చేశాడు. 1919లో రాల్‌ప్లగ్ కంపెనీ ఏర్పడింది. ఆయన పేరులోని మొదటి ముక్క మన ఎలక్ట్రికల్ దుకాణాల్లో ఇంకా వినిపిస్తోంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆ కాలంలో ప్రపంచానికి కావలసిన జనపనార దాదాపు అంతా బెంగాల్ పొలాల్లోనే పండేది. దాన్ని నేసే మిల్లులు కలకత్తాలోనూ, స్కాట్లండ్‌లోని డండీలోనూ ఉండేవి. అంటే లండన్ మ్యూజియం గోడలో దీపాన్ని పట్టుకొన్న ఆ గుప్పెడు నార వెనుక వలస ఆర్థిక వ్యవస్థ మొత్తం ఉంది. పేటెంటు పత్రంలో రైతు పేరు ఉండదు. పేటెంట్లను ఆధారాలుగా వాడే చరిత్ర విద్యార్థి, అవి ఎవరిని చూపవో కూడా గమనించాలి.

రాలింగ్స్ గొట్టం పనిచేసే తీరు స్మీటన్ చీలది, రడ్యర్డ్ ఇనుముది కాదు. ఇరుకు నోరు, వెడల్పు అడుగు ఇక్కడ లేవు. రంధ్రం నిలువునా ఒకే వెడల్పు. గొట్టం పక్కలకు ఎంత బలంగా నొక్కితే అంత ఒరిపిడి, ఎంత ఒరిపిడి ఉంటే అంత పట్టు. మీరు వేసుకొన్న ప్రశ్నకు సమాధానం ఇదే: మొదటిది ఆకారంవల్ల నిలిచింది, రెండోది ప్రధానంగా ఒత్తిడివల్ల, ఒరిపిడివల్ల నిలిచింది.

11.4 రంధ్రం చేసే పనిముట్టు

ఒరిపిడిని నమ్ముకొన్నాక రంధ్రం కచ్చితంగా ఉండాలి. ఒక మిల్లీమీటరు పెద్దదైతే పట్టు పోతుంది. మొదట్లో పనివారు గాడులున్న ఉక్కు ములుకును సుత్తితో కొడుతూ, ప్రతి దెబ్బకూ కాస్త తిప్పుతూ రంధ్రం చేసేవారు. 1920ల చివర జర్మనీలో క్రుప్ కంపెనీ టంగ్‌స్టన్ కార్బైడ్‌ను విడియా పేరుతో మార్కెట్‌లోకి తెచ్చింది. 'వజ్రంలా' అనే అర్థం వచ్చే జర్మన్ మాటలను కుదించి పెట్టిన పేరు అది. మన లేత్ పనివారు ఇప్పటికీ విడియా టూల్ అంటారు. ఆ ముక్కను అతికించిన బిట్, 1932లో బాష్ కంపెనీ తెచ్చిన విద్యుత్ సుత్తి డ్రిల్లు వంటి యంత్రాలు కలిసి, గంట పనిని నిమిషాల పనిగా మార్చాయి. ఈ యంత్రాలు లేకపోతే తరువాతి కథ లేదు.

11.5 తుమ్లింగెన్ గ్రామం

ఆర్తూర్ ఫిషర్ 1919 చివరి రోజున దక్షిణ జర్మనీలోని తుమ్లింగెన్ గ్రామంలో ఒక దర్జీ ఇంట్లో పుట్టాడు. తాళాల పని నేర్చుకొన్నాడు. యుద్ధం తరువాత 1948లో సొంత పనిశాల పెట్టుకొన్నాడు. 1949లో కెమెరా మూత తెరుచుకొనే క్షణంలోనే వెలిగే ఫ్లాష్‌ను తయారుచేసి పేరు తెచ్చుకొన్నాడు. 1958లో ఆయన చేసిన గిట్టీ నైలాన్‌ది. నార కుళ్లుతుంది, చెక్క కుంచించుకుపోతుంది. నైలాన్‌కు ఆ రెండు జబ్బులూ లేవు, పైగా అచ్చులో పోసి లక్షల్లో తయారు చేయవచ్చు. గొట్టం మధ్యలో చీలిక, పైన పళ్లు, పక్కన గొట్టం తిరిగిపోకుండా ఆపే చిన్న నాలుకలు. స్క్రూ లోపలికి పోతున్నకొద్దీ రెండు సగాలు విడిపోయి గోడను ఒత్తుతాయి. ఫిషర్ 2016లో మరణించేనాటికి ఆయన పేరు మీద 1100కు పైగా పేటెంట్లు ఉన్నాయి. విరిగిన ఎముకలను కలపడానికి కూడా ఇదే సూత్రంతో చీలలు చేయించాడు.

భారత ప్రమాణాల సంస్థ కూడా ఈ కాలంలోనే స్పందించింది. గోడలకు, పైకప్పులకు, నేలలకు వస్తువులు బిగించే సాధనాల వాడకంపై ఐఎస్ 1946 అనే నియమావళిని 1961లో వెలువరించింది. ఆ నియమావళి పేరులోనే ఒక షరతు ఉంది: ఘనమైన కట్టడాలకు మాత్రమే. లోపల బోలుగా ఉన్న ఇటుకలకు, నురుగులాంటి తేలిక దిమ్మెలకు అది వర్తించదు. మన నగరాల్లో ఇప్పుడు కడుతున్న ఎన్నో అపార్టుమెంట్ల గోడలు అలాంటి దిమ్మెలవే. గట్టి కాంక్రీటు కోసం చేసిన ఇనుప యాంకర్‌ను వాటిలో బిగిస్తే, అది విచ్చుకొనే బలానికి దిమ్మె లోపలే నలిగిపోతుంది.

ఒక చిన్న లెక్క చేద్దాం. నీటితో కలిపి 36 కిలోల గీజరు, దాని బరువు కేంద్రం గోడకు 20 సెం.మీ. దూరంలో ఉందనుకొందాం. పై బోల్టులకూ, గీజరు గోడకు ఆనే కింది అంచుకూ మధ్య 30 సెం.మీ. అనుకొందాం. పై బోల్టులను గోడలోంచి లాగే బలం 36 × 20 ÷ 30, అంటే 24 కిలోలు. రెండు బోల్టులుంటే ఒక్కోదానికి 12. మంచి ఇటుక గోడలో సరైన గిట్టీకి ఇది లెక్కలోకి రాదు. మరి గీజర్లు ఎందుకు పడతాయి? మా ఇంట్లో పడినప్పుడు నేను చూసింది ఇది: గిట్టీ పొడవులో సగానికి పైగా సిమెంటు పూతలోనే ఉంది. లోపలి గోడ మీద పూత సాధారణంగా 12 నుంచి 20 మి.మీ. ఉంటుంది. అది గోడకు అతికిన పొర, గోడ కాదు. గిట్టీ ఇటుకలో ఎంత లోతు ఉందన్నదే లెక్క. దాన్ని బిగించినతను పనిమంతుడే. పూత మందం కొలవాలని అతనికి ఎవరూ చెప్పలేదు.

11.6 ఇనుప యాంకర్లు, పగిలే కాంక్రీటు

పెద్ద బరువులకు నైలాన్ చాలదు. లోహపు యాంకర్లలో రెండు జాతులున్నాయి. ఒకదానిలో బోల్టు చివర శంఖు ఆకారం ఉంటుంది. నట్టు తిప్పితే శంఖు పైకి వచ్చి, దాని చుట్టూ ఉన్న తొడుగును విప్పుతుంది. తరువాత బరువు పెరిగి బోల్టును లాగినప్పుడు శంఖు ఇంకొంచెం పైకి వచ్చి ఇంకొంచెం బిగుస్తుంది. రెండోదానిలో తొడుగు లోపలి చీలను సుత్తితో పూర్తిగా దిగగొట్టాలి. దిగిన తరువాత అది ఇక బిగుసుకోదు. సగమే దిగినా పైనుంచి చూస్తే పూర్తయినట్టే కనిపిస్తుంది. నా దృష్టిలో ఈ రెండో రకం పనివాడి ఓపిక మీద ఎక్కువగా ఆధారపడుతుంది. లోహాన్ని పరీక్షించే ప్రయోగశాలలున్నాయి, ఓపికను పరీక్షించేవి లేవు.

మన గ్రానైటు క్వారీల్లో రాయి చీల్చే పని చూసినవారికి ఇంకో ప్రమాదం వెంటనే అర్థమవుతుంది. వరుసగా రంధ్రాలు వేసి, ఇనుప చీలలు పెట్టి, ఒకదాని తరువాత ఒకటి సమ్మెటతో కొట్టుకుంటూ పోతారు. కాసేపటికి బండ గీత గీసినట్టు రెండవుతుంది. వడ్డెరల చేతిలో తరతరాలుగా ఉన్న విద్య అది. యాంకర్ చేసే పని కూడా అచ్చంగా అదే: రాయిని లోపలినుంచి పక్కలకు నెట్టడం. గోడ అంచుకు దగ్గరగా, లేదా ఒకదానికొకటి దగ్గరగా యాంకర్లు వేస్తే, పట్టుకోవలసినది చీల్చేదిగా మారుతుంది.

అమెరికాలో ఈ విషయాలన్నీ 1979లో ఒక్కసారిగా బయటపడ్డాయి. అణు విద్యుత్ కేంద్రాల్లో గొట్టాలను పట్టి ఉంచే ఇనుప పలకలను వేలాది విచ్చుకొనే యాంకర్లతో కాంక్రీటుకు బిగించారు. ఆ పలకలు వంగవని డిజైనర్లు లెక్కలో అనుకొన్నారు. పలక కొంచెం వంగినా, మూతను మీటినట్టు బోల్టును అదనంగా లాగుతుంది. బిగింపులో లోపాలు కూడా కనిపించాయి. అక్కడి అణు నియంత్రణ సంస్థ 1979 మార్చిలో 79-02 సంఖ్యతో ఆదేశం జారీచేసింది: పాత లెక్కలు తిరగదోడాలి, యాంకర్లను పరీక్షించాలి, చీల రకానికీ తొడుగు రకానికీ నాలుగు రెట్లు, గుల్ల రకానికి అయిదు రెట్లు భద్రత ఉన్నట్టు చూపాలి. అదే నెలాఖరున త్రీ మైల్ ఐలండ్ ప్రమాదం జరగడంతో ప్రపంచం చూపు అటు మళ్లింది. బోల్టుల ఆదేశం నిపుణుల కాగితాల్లో మిగిలిపోయింది.

తరువాతి దశాబ్దాల్లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో పరిశోధకులు యాంకర్లను పగుళ్లున్న కాంక్రీటులో లాగి చూశారు. కాంక్రీటు దూలం అడుగున సన్నటి పగుళ్లు రావడం సహజం. ఆ పగులు తరచుగా యాంకర్ రంధ్రం గుండానే పోతుంది. 0.3 మి.మీ. పగులు కంటికి సరిగా ఆనదు, కాని రంధ్రం ఆ మేరకు పెద్దదవుతుంది. శంఖు రకంలో మంచివి మరికొంత విచ్చుకొని నిలిచాయి. విచ్చుకోలేనివి పట్టు కోల్పోయాయి. బోల్టు తెగకుండా, జారకుండా ఉంటే చివరికి కాంక్రీటే గరాటు ఆకారంలో ఊడివస్తుంది. ఆ గరాటు నోరు యాంకర్ లోతుకు సుమారు మూడు రెట్లు ఉంటుంది. లోతు రెట్టింపైతే బలం నాలుగింతలు కాదు, దాదాపు 2.8 రెట్లే పెరుగుతుంది. ఈ సూత్రాలు 1995లో ఫుక్స్, ఎలిగెహౌజెన్, బ్రీన్ రాసిన వ్యాసం ద్వారా ప్రచారమై, 2002లో అమెరికన్ కాంక్రీటు నియమావళిలోకి ఎక్కాయి. ఇళ్లలోకి ప్లగ్గు వచ్చిన దాదాపు 90 ఏళ్లకు అన్నమాట. వాడకం ముందు, శాస్త్రం వెనుక.

11.7 జిగురు, కాలం

మూడో రకం పట్టు జిగురుది. రంధ్రంలో ఎపాక్సీ వంటి రసాయనం నింపి కడ్డీని దింపితే, గోడను పక్కలకు నెట్టకుండానే పట్టు దొరుకుతుంది. అంచుల దగ్గర కూడా వాడవచ్చు. ఇవి విచ్చుకొనే యాంకర్లు కావు. అయినా వాటి కథ ఇక్కడ చెప్పుకోకపోతే పాఠం అసంపూర్తిగా ఉంటుంది.

2006 జులై 10న అమెరికాలోని బోస్టన్‌లో ఒక సొరంగ రహదారి పైకప్పు నుంచి సుమారు 26 టన్నుల కాంక్రీటు పలకలు, ఇనుప సామగ్రి ఒక కారు మీద పడ్డాయి. కారులోని ఒక మహిళ చనిపోయింది. పలకలు ఎపాక్సీతో అతికించిన యాంకర్ల నుంచి వేలాడుతున్నాయి. వాడిన ఎపాక్సీ త్వరగా గట్టిపడే రకం. అది ఎడతెగని బరువు కింద, ఎండకు మైనం సాగినట్టు, నెలల తరబడి మెల్లగా సాగిపోయిందని జాతీయ రవాణా భద్రతా మండలి 2007లో తేల్చింది. బిగించినప్పుడు పరీక్షలు చేశారు, యాంకర్లు నెగ్గాయి. కాని ఆ పరీక్ష కొన్ని నిమిషాలది, బరువు ఏళ్లది. 1999లోనే, నిర్మాణం జరుగుతుండగానే, కొన్ని యాంకర్లు కిందికి జారడం సిబ్బంది చూశారు. వాటిని తీసి మళ్లీ బిగించారు, ఎందుకు జారాయో తేల్చలేదు.

2012 డిసెంబరు 2న జపాన్‌లోని ససాగో సొరంగంలో వంద మీటర్లకు పైగా పైకప్పు కూలి తొమ్మిది మంది మరణించారు. ఒక్కో పలక బరువు టన్నుకు పైనే. 1977లో తెరిచిన ఆ సొరంగంలో పలకలు జిగురు యాంకర్ల మీదే వేలాడుతున్నాయి. బోల్టును చిన్న సుత్తితో తట్టి, శబ్దం విని వదులైందో లేదో చెప్పడం రైల్వే పనివారికీ సొరంగ పనివారికీ తెలిసిన పాత పరీక్ష. ససాగోలో పైకప్పు శిఖరం బాగా ఎత్తులో ఉండటంతో, అక్కడి బోల్టుల దాకా ఎక్కి తట్టిచూడటం ప్రమాదానికి ముందు ఏళ్ల తరబడి జరగలేదు. ప్రమాదం తరువాత జపాన్ ప్రభుత్వం 2014 నుంచి సొరంగాలను, వంతెనలను అయిదేళ్లకొకసారి దగ్గరనుంచి చూసి తనిఖీ చేయడం తప్పనిసరి చేసింది. తనిఖీకి వెళ్లేవారి చేతిలో ఇప్పటికీ ఆ చిన్న సుత్తి ఉంటుంది.

11.8 నమూనా పరీక్ష ప్రశ్నలు

1. ఎడిస్టన్ బండ మీద విన్‌స్టన్లీ, రడ్యర్డ్, స్మీటన్ వాడిన బిగింపు పద్ధతులను పోల్చి రాయండి. వారి పని గురించి మనకు ఇంత వివరంగా ఎందుకు తెలుసు?

2. జనపనార గిట్టీ చరిత్రను పేటెంటు పత్రాల ఆధారంతో మాత్రమే రాస్తే ఏయే విషయాలు మరుగున పడతాయి?

3. మీ ఊరిలో 30 ఏళ్లకు పైగా పనిచేసిన ఒక ఎలక్ట్రీషియన్‌నో తాపీ మేస్త్రీనో కలిసి, చెక్క గిట్టీల నుంచి నేటి యాంకర్ల దాకా వారి పనిలో వచ్చిన మార్పులను అడిగి, రెండు పేజీల నివేదిక తయారు చేయండి. పూత మందం గురించి వారేమంటారో తప్పక అడగండి.